అక్క పేరు మీది డబ్బు

లండన్ ఈస్ట్‌హామ్‌లో ఒక వంటింటి బల్ల. దాని మీద విప్పిన కవరు, చల్లారిన కాఫీ కప్పులు, ఒక కాలిక్యులేటరు. మామయ్య ముప్పై ఏళ్ళు ఒక కౌన్సిల్ ఆఫీసులో బెనిఫిట్ల లెక్కలు చూసి రిటైరయ్యారు. మేనకోడలు వారానికి రెండు సాయంత్రాలు ఒక సలహా కేంద్రంలో ఊరికే పనిచేస్తుంది. కవరు వాళ్ళిద్దరిదీ కాదు. వీధి చివర కౌన్సిల్ ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడది. కోనసీమ మనిషి, ఇక్కడికొచ్చి నలభై అయిదేళ్ళు. భర్త పోయాడు. జీతానికి పనిచేసిన ఏళ్ళు తక్కువ కనక స్టేట్ పెన్షన్ కొంచెమే. ఆ లోటు పూడ్చుకోడానికి 2018 నుంచి పెన్షన్ క్రెడిట్ తీసుకుంటోంది. ఇప్పుడు ఉత్తరం వచ్చింది: ఇండియాలో మీ పేర డిపాజిట్ ఉన్నట్టు తెలిసింది, ఇన్నేళ్ళూ మీకు ఎక్కువిచ్చాం, ఎంత తిరిగి కట్టాలో తరవాత చెబుతాం అని. డిపాజిట్ మన పౌండ్లలో సుమారు 22,000. ఏటా వచ్చే వడ్డీ ఊళ్ళో తమ్ముడు తీసుకుంటాడు.

నేను పక్కింటివాణ్ణి. కాఫీకని వచ్చి ఇరుక్కుపోయాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను, నోరు కట్టుకోలేకపోయిన ఒకటి రెండు చోట్ల తప్ప.

మామయ్య: ఆవిడంటే నాకు జాలి లేక కాదు. కానీ ముందు ఒక్క సంగతి ఒప్పుకో. పొదుపెంత ఉందని అడిగారు. ఇక్కడున్నదే కాదు, బయటి దేశాల్లో ఉన్నది కూడా చెప్పాలి. ఆవిడ లేదని రాయించింది. ఉంది. ఇందులో వాదనకేముంది?

మేనకోడలు: నేనూ అదే అడిగాను మామయ్యా. "అది నా డబ్బెలా అవుతుందమ్మా, అది నా దినాలది" అంది. తను పోయాక కొడుకు అస్థికలు పట్టుకుని గోదావరికి వెళ్ళాలి, పదిరోజులూ జరగాలి, ఊళ్ళో నలుగురికి భోజనాలు పెట్టాలి. దానికోసం వాడు ఎవరి ముందూ చెయ్యి చాపకూడదని. బతికుండగా ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న డబ్బుని, బతకడానికున్న డబ్బని ఎలా రాస్తుంది?

మామయ్య: మనసులో దానికి ఏ పేరైనా పెట్టుకోనీ. చట్టానికి రెండే కావాలి, ఎవరిది, ఎంత. తమాషా చెప్పనా? అదే డబ్బు ఇక్కడ ఏ ఫ్యూనరల్ ప్లానుకో ముందే కట్టేసి ఉంటే పెన్షన్ క్రెడిట్ లెక్కలోకి వచ్చేదే కాదు. ప్లాను విలువ పక్కన పెట్టేస్తారు.

మేనకోడలు: అంటే శవపేటికకి ముందే కడితే కనపడదు, గోదావరి ప్రయాణానికి దాచుకుంటే కనపడుతుంది!

మామయ్య: ప్లానుకి కట్టింది వెనక్కి తీసి కూరగాయలు కొనుక్కోలేదు. బ్యాంకులోది రేపు పొద్దున్న తీసుకోవచ్చు. అదీ తేడా. గోదావరి మీద కోపం కాదు.

మేనకోడలు కవర్లోంచి ఇంకో కాగితం తీసింది. 2018లో నింపిన దరఖాస్తు నకలు. మనవడి గుండ్రటి అక్షరాలు, కింద ఆవిడ తెలుగు సంతకం.

మేనకోడలు: ఇది చూడండి. పొదుపు దగ్గర సున్నా. పక్కన ఖాళీలో ఏం రాయించిందో చూశారా? బంగారు గాజులు ఆరు, నల్లపూసలు ఒకటి, కమ్మలు జత. ఎవరూ అడగలేదు. దాచే మనిషి చేతి గాజులు లెక్కపెట్టి చెబుతుందా?

మామయ్య ఆ కాగితం కళ్ళద్దాలకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

మామయ్య: పాపం. గాజులు చెప్పక్కర్లేదు. సొంత వాడకం వస్తువులు లెక్కలోకి రావు. బెనిఫిట్ కోసమే డబ్బుని బంగారంగా మార్చారని తేలితే అది వేరే మాట. చెప్పనక్కర్లేనిది చెప్పింది, చెప్పాల్సింది మానేసింది.

మేనకోడలు: మన వైపు ఆడవాళ్ళకి సొంత ఆస్తి అంటే ఒంటి మీదిది. బ్యాంకులో పేరుండడం ఆస్తి కాదు, సంతకం పెట్టిన జ్ఞాపకం. ప్రశ్నని తనకి అర్థమైనంతలో నిజాయితీగానే పూర్తిచేసింది.

మామయ్య: లేదా, ఆస్తి సంగతి ఒకటికి రెండుసార్లు ఆలోచించే రాయించింది, ఆలోచించి మరీ డిపాజిట్ వదిలేసింది. ఆ గాజులు రెండు వైపులా సాక్ష్యం చెబుతాయే అమ్మాయ్. కౌంటర్లో ముప్పై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి. మనిషి మొహం చూసి దొంగో కాదో చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

(ఈ మాటతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. చేతకాలేదని ఒప్పుకునే అధికారి అరుదు.)

మేనకోడలు: సరే, కాగితమే పట్టుకుందాం. పెన్షన్ క్రెడిట్‌లో మొదటి 10,000 పౌండ్లు వదిలేస్తారు. ఆ పైన ప్రతి 500కీ, అయిదొందలకి తక్కువ మిగిలితే దానికీ, వారానికి ఒక పౌండు ఆదాయం వస్తోందని ఊహించుకుని అంతా కోస్తారు. అయిదొందలకి ఏడాదికి 52. అంటే నూటికి పది రూపాయల నలభై పైసలు. ఈ దేశంలో ఏ బ్యాంకిస్తుంది?

మామయ్య: ఇంకా వయసులో ఉన్నవాళ్ళ సంగతి చెప్పు, నేనే నీకు అందిస్తున్నాను.

మేనకోడలు: అది ఇంకా ఘోరం. యూనివర్సల్ క్రెడిట్‌లో 6,000 దాటాక ప్రతి 250 పౌండ్లకీ నెలకి 4.35 పౌండ్లు. 16,000 దాటితే మొత్తం బందు, పైసా రాదు.

ఇక్కడ నేను కాలిక్యులేటరు లాక్కున్నాను. 4.35ని 250తో భాగిస్తే మన ఊరి భాషలో నూటికి నెలకి రూపాయి డెబ్బై నాలుగు పైసలు. దాదాపు రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి నూటికి ఇరవై ఒకటి. బ్రిటిష్ ప్రభుత్వం పేదవాడి డబ్బు మన ఊరి వడ్డీవ్యాపారి చేతిలో ఉందనుకుంటోందన్నమాట. ఇది పైకే అనేశాను.

మామయ్య: నవ్వండి, నవ్వండి. అది వడ్డీ కాదు సార్. పేరు అలా పెట్టారు, అంతే. దాని అర్థం, నీ దగ్గరున్నది కొంచెం కొంచెం తీసి తిను, మిగతాది మేం చూస్తాం అని. పదివేలు నీ అత్యవసరానికి వదిలేశాం, ఆపైదాంట్లో నువ్వూ కాస్త చెయ్యి వెయ్యి. పన్నులు కట్టేవాళ్ళలో బస్సు డ్రైవరున్నాడు, ఆస్పత్రిలో నేల తుడిచే ఆవిడుంది. వాళ్ళకి 22,000 ఎక్కడిది?

మేనకోడలు: మరి ఆ పదహారువేల గీత 2006 ఏప్రిల్‌లో గీసింది. ఆరువేల గీతా అప్పటిదే. ఇన్నేళ్ళుగా కదల్లేదు. రొట్టె ధర కదిలింది, అద్దె కదిలింది. ఇరవై ఏళ్ళ కిందటి పదహారువేలూ ఇప్పటి పదహారువేలూ ఒకటేనా? ఏ చట్టమూ మార్చకుండా, ఏ ఓటూ అడక్కుండా ప్రతి ఏడూ కొంతమందిని బయటికి నెడుతున్నారు.

మామయ్య: అక్కడ నీతో నాకు తగువు లేదు. గీత జరపమను, సంతకం పెడతాను. కానీ గీత తప్పని తోచినప్పుడు గీత మార్చమని అడగాలి. నేను గీతకి ఇవతలే ఉన్నానని అబద్ధం చెప్పకూడదు. మా కౌంటరుకి ఒకావిడ వచ్చేది, ఆవిడా విధవరాలే. బిస్కెట్ల డబ్బాలో నోట్లు తెచ్చి నా ఎదుటే లెక్కపెట్టమంది. ఇంట్లో ఉన్నది కూడా చెప్పాలని ఎవరో అన్నారట. లెక్కపెట్టాను. ఆ వారం నుంచి ఆవిడకి తగ్గింది. నేనే తగ్గించాను. ఇప్పుడు ఈవిడని ఒదిలెయ్యమంటే ఆ డబ్బా ఆవిడకి నేనేం చెప్పాలి?

మేనకోడలు కాసేపు ఏమీ అనలేదు. నాకూ ఏమీ తోచలేదు. బయట బస్సు ఆగి వెళ్ళింది.

మేనకోడలు: ఆవిడకి మీరు క్షమాపణ చెప్పాలి మామయ్యా. అంతేగానీ ఆవిడ నష్టపోయింది కాబట్టి ఈవిడా నష్టపోవాలని కాదు. ఆస్తీ ఆదాయం చూసి ఇచ్చే ఈ మీన్స్ టెస్టుకి అసలు రోగమే అది. పొదుపు చేసినవాణ్ణి పట్టుకుంటుంది, ఖర్చుపెట్టేసినవాణ్ణి వదిలేస్తుంది. 1930ల్లో ఇదే దేశంలో కొడుక్కి జీతమొస్తోందని తండ్రి భత్యం కోసేవారు. ఇంట్లో కుర్చీలు, పియానో లెక్కపెట్టేవారు. కొడుకులు ఇల్లొదిలి వెళ్ళిపోయేవారు, తండ్రికి నాలుగు షిల్లింగులు మిగలాలని. ఇంటిల్లిపాది లెక్కా చూసే ఆ విచారణని 1941లో ఎత్తేశారు. మరుసటి ఏడు, ఇక్కడి బెనిఫిట్లకి పునాది వేసిన బెవరిడ్జ్ తన నివేదికలో చందా కట్టి హక్కుగా పొందే పద్ధతి పెట్టమన్నది అందుకే. చందా కట్టినవాడి పెట్టె తెరిచి చూడక్కర్లేదు.

మామయ్య: బెవరిడ్జ్ చందా పద్ధతిలో ఈవిడకేం వచ్చేది? చందాలు కట్టిన ఏళ్ళు లేకనే కదా పెన్షన్ తక్కువైంది. ఇంట్లో వండిపెట్టి, పిల్లల్ని పెంచి, మొగుడి దుకాణంలో జీతం లేకుండా నిలబడ్డవాళ్ళకి చందా పుస్తకంలో పేజీ లేదు. వాళ్ళని పట్టుకున్నది మీన్స్ టెస్టే. దాన్ని తిట్టు, కానీ అది లేకపోతే ఈవిడ తిండేంటో కూడా చెప్పు.

మేనకోడలు: అర్హతున్నా అడగనివాళ్ళ సంగతో? పెన్షన్ క్రెడిట్ రావాల్సినవాళ్ళలో మూడోవంతు దాకా తీసుకోవడమే లేదు. ఎందుకు? ఇలాంటి కవర్లొస్తాయనే. మనకెందుకమ్మా, తరవాత వెనక్కిమ్మంటారు అంటారు. మా కేంద్రంలో వారానికొకసారైనా వింటాను.

మామయ్య: అది నిజం.

రెండు మాటల్లో అంత తేలిగ్గా ఒప్పేసుకుంటారని నేననుకోలేదు. మేనకోడలూ అనుకోలేదేమో, ఊపు తగ్గకుండా ఇంకో దారిన వచ్చింది.

మేనకోడలు: ఇంకో మాట. వాళ్ళకి తెలియదా? ఇండియా, బ్రిటన్ 2017 నుంచి ఖాతాల వివరాలు ఒకరికొకరు పంపుకుంటున్నాయి. ఆవిడ డిపాజిట్ సంగతి ఇక్కడి పన్నుల శాఖకి ఎప్పుడో చేరి ఉంటుంది. ఒక చేత్తో తెలిసినదాన్ని ఇంకో చెయ్యి ఏడేళ్ళ తరవాత నేరమంటే ఎలా?

మామయ్య: ఆ వాదన పాతది, ఓడిపోయింది. వేరే భత్యం ఆగిన సంగతి ప్రభుత్వంలోనే ఇంకో ఆఫీసుకి తెలుసు కదా అని ఒకామె చెప్పలేదు. 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. ఒక ఆఫీసుకి తెలిసింది రెండో ఆఫీసుకి తెలుస్తుందనుకోవడానికి వీల్లేదు, చెప్పాల్సింది మీరే అన్నారు.

మేనకోడలు: ఎవరికి అనుకూలమైన తీర్పది! సరే, ఇప్పుడు బ్యాంకులే చూసి చెప్పాలని 2025 జనవరిలో బిల్లు తెచ్చారుగా. పెన్షన్ క్రెడిట్, యూనివర్సల్ క్రెడిట్ పడే ఖాతాల్లో గీత దాటిన డబ్బుంటే బ్యాంకు కబురు పెట్టాలి. అంత చూడగలిగినవాళ్ళు మొదటి ఏడే చూసి, "అమ్మా, ఇది ఉంది, చెప్పండి" అని అడగొచ్చు. ఏడేళ్ళు ఊరుకుని ఒకేసారి ఉచ్చు వేసి లాగడమెందుకు?

మామయ్య: మొదటి ఏడే చూడాలంటే అందరి ఖాతాలూ చూడాలి. నీకు అదీ ఇష్టం లేదు. ఏదో ఒకటి కోరుకో. అడిగితే నమ్మాలి, నమ్మకపోతే వెతకాలి. ఆంధ్రాలో పింఛన్ల సంగతి చూడు, బ్యాంకు జోలికే పోకుండా వడపోశారు. మాగాణి మూడెకరాలు మించకూడదు, మెట్ట పదెకరాలు, కరెంటు నెలకి 300 యూనిట్లు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు. పాస్‌బుక్కు చూడలేదు, మీటరు చూశారు. అద్దెకున్నవాళ్ళందరి వాడకం ఒకే మీటరు మీద పడి ఎన్ని పింఛన్లు ఆగాయో మీ అమ్మని అడుగు. ఏది చూసినా ఎవరో ఒకరు అన్యాయంగా దొరుకుతారు.

మేనకోడలు: అంచేత దొరికినవాళ్ళందరినీ దొంగలనాలా? అబద్ధమని రుజువైతే 1992 చట్టం కింద ఏడేళ్ళ దాకా జైలుంది ఇక్కడ.

మామయ్య: ఆ మాట ఎవరన్నారు? బుద్ధిపూర్వకంగా మోసం చేశారని తేలితే అది. ఏమరుపాటైతే 50 పౌండ్ల జరిమానాతో పోయేవీ ఉన్నాయి. నేను అడుగుతున్నది శిక్ష కాదు. తనది కానిది తిరిగివ్వమని. రెండూ ఒకటి కాదు.

ఇక్కడ మేనకోడలు కాగితం తిరగేసి లెక్క వేసింది. 22,000లో 10,000 తీస్తే 12,000. అయిదొందల చొప్పున 24. వారానికి 24 పౌండ్లు. ఏడేళ్ళంటే 364 వారాలు. మొత్తం 8,736. పెన్సిలు విసిరికొట్టినంత పని చేసి, "ఆ ముసలమ్మ ఎక్కణ్ణుంచి తెస్తుంది?" అంది. మామయ్య పెన్సిలు తీసుకున్నారు.

మామయ్య: తప్పు. అలా గుణించకూడదు.

మేనకోడలు: ఎందుకు?

మామయ్య: ఆవిడ నిజం చెప్పి ఉంటే మొదటి వారం నుంచి 24 తక్కువ వచ్చేది. ఆ లోటు ఎక్కణ్ణుంచి తెచ్చుకునేది? ఆ డిపాజిట్‌లోంచే కదా. అంటే డిపాజిట్ తరిగేది. అందుకని ప్రతి పదమూడు వారాలకీ, ఆ మూణ్ణెల్లలో ఎక్కువిచ్చినదంతా అసల్లోంచి తీసేసి, తగ్గిన అసలు మీద మళ్ళీ లెక్క కట్టాలి. నియమాల్లో ఉంది. మొదటి మూణ్ణెల్లలో 312 పోతే 21,688. ఇంకో 312 పోతే 21,376. అప్పుడు వారానికి 24 కాదు, 23. అలా దిగుతూ వస్తుంది.

ఆయన ఇరవై ఎనిమిది వరసలు దించారు. చెయ్యి వణికే వయసు, అంకెలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. చివరి వరసకి వారానికి 12. మొత్తం 6,370. మేనకోడలు లెక్కకన్నా 2,366 తక్కువ.

మేనకోడలు: ఇది మా కేంద్రంలో ఎవరూ చెప్పలేదు.

మామయ్య: అడిగేవాడు అడగాలి. నేను అటువైపు కూర్చుని ఇలాంటివి కట్టాను కాబట్టి తెలుసు. చూశావా, నువ్వు పాడు లెక్క అన్నదాంట్లోనే ఆవిడ పొదుపు తింటూ బతికి ఉండేదన్న ఊహ ఉంది. ఆ నియమం రాసినవాడెవడో గానీ కొంచెం మనిషే.

మేనకోడలు: సరే మామయ్యా, ఇప్పుడు నేను దాచినది చెప్పనా?

ఆయన కళ్ళద్దాలు తీశారు.

మేనకోడలు: ఆ డబ్బు వాళ్ళ నాన్నగారి ఇల్లు అమ్మినది. అక్కా తమ్ముడికీ చెరిసగం. మొత్తం అక్క పేర వేశారు. సగం తమ్ముడిదే. చట్టం ప్రకారం కూడా పేరెవరిదన్నది కాదు కదా, నిజంగా హక్కెవరిదన్నది చూడాలి. సగం తీసేస్తే ఆవిడవి 11,000. పదివేలు పోతే వెయ్యి. వారానికి రెండు పౌండ్లు!

మామయ్య: రెండు పౌండ్లు. (కాసేపు ఆగి) మరి తమ్ముడి సగం తమ్ముడి పేర ఎందుకు వెయ్యలేదు?

మేనకోడలు: రొయ్యల చెరువులో పోగొట్టుకున్నాడు. అప్పులవాళ్ళు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. తన ఖాతాలో పడితే పట్టుకుపోతారని.

మామయ్య: అదీ! అక్కడ అప్పులవాళ్ళకి కనపడకుండా అక్క పేరు. ఇక్కడ ఆఫీసువాళ్ళు అడిగితే తమ్ముడి పేరు. ఆ డబ్బుకి ఎవరు అడిగితే వాళ్ళకి కనపడకుండా తిరగడం అలవాటైంది. మేమిలాంటివి చూశాం. తమ్ముడిది, మరిదిది, గుడి కమిటీది అంటారు. కాగితమేదీ అంటే ఉండదు. ఉండకుండా ఉండడమే దాని పని.

మేనకోడలు: కానీ నిజం. అబద్ధం లాగా కనపడుతున్నంత మాత్రాన నిజం కాకుండా పోతుందా?

మామయ్య: పోదు. రుజువు బాధ్యత మటుకు ఆవిడది.

ఆయన లేచి కాఫీ వేడిచేసుకున్నారు. తిరిగొచ్చి తెల్లకాగితం ముందు పెట్టుకుని తేదీ వేశారు. ఉత్తరం తేదీ నుంచి నెల లోపల నిర్ణయాన్ని మళ్ళీ చూడమని అడగాలి, పది రోజులు అయిపోయాయి అన్నారు.

మామయ్య: ఇల్లు అమ్మిన దస్తావేజు మీద సంతకాలు ఎవరివి?

మేనకోడలు: ఇద్దరివీ ఉండాలి. ఇద్దరూ వారసులే కదా.

మామయ్య: అయితే అదొక్కటి కాగితం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీయించమను. వడ్డీ ఏటా తమ్ముడికి వెళ్ళినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించు. మూడోది, సగం నాదేనని తమ్ముడు రాసి సంతకం పెట్టాలి. ఎందుకు అక్క పేర వేశాడో కూడా రాయాలి.

మేనకోడలు: ఎందుకు వేశాడో కూడానా?

మామయ్య: అది లేకపోతే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను. దినాల మాట రాస్తాను, జాలి కోసం కాదు, ఆవిడ అన్నదదే కాబట్టి. గాజుల మాట కూడా రాస్తాను. కానీ ఆవిడకి తెలియదని మటుకు రాయను. తెలుసో తెలియదో నాకు తెలియదు. మిగతా సగం ఆవిడదేనని కూడా రాస్తాను.

మేనకోడలు: మొత్తం తమ్ముడిదే అంటే సరిపోయేది అంటోంది ఆవిడ.

మామయ్య: అంటుంది. చెప్పు, నేను రాసిస్తే సగమే.

ఆయన రాస్తుండగా మేనకోడలు కోనసీమకి వాట్సాప్‌లో కబురు పెట్టింది. అక్కడ అర్ధరాత్రి దాటింది కదా, రేపే జవాబు అనుకున్నాం. రెండు నిమిషాల్లో నీలం టిక్కులు పడ్డాయి. ఏదో టైపు చేస్తున్నట్టు కనపడింది, ఆగింది, మళ్ళీ మొదలైంది. చాలాసేపటికి ఒక్క వరస వచ్చింది. మేనకోడలు ఫోను బల్ల మీద మా ఇద్దరికీ కనపడేలా పెట్టింది.

"ఆ కాగితం ఇక్కడ ఎవరైనా చూస్తారా అమ్మా?"